విల్లీస్ ఎంబీ జీపు వెనక హబ్బులు, ఇరుసులు తిరిగి బిగించడం ఎలా?

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఏ షెడ్డుకెళ్లినా లారీ హబ్బు విప్పి బేరింగులు మార్చగల చెయ్యి ఒకటి దొరుకుతుంది. అదే చేతికి రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ ఎంబీ వెనక హబ్బు అప్పగిస్తే సగం పని చక్కగా చేస్తుంది, మిగతా సగం లారీ అలవాటు చొప్పున కానిచ్చేస్తుంది. ఈ జీపులో బేరింగులు చిన్నవి, నట్ల మరలు సన్నవి, కొలతలన్నీ అంగుళాల్లో, ఎడమ పక్క చక్రాల స్టడ్లకేమో ఎడమ మర. లారీకి పనికొచ్చిన బలం ఇక్కడ చెరుపు చేస్తుంది.

1941 నుంచి 1945 దాకా విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా చేసిన బండి ఇది. ఫోర్డ్ వాళ్లది జీపీడబ్ల్యూ అన్నా వెనక ఇరుసు పద్ధతి ఒకటే. ఇక్కడ చెప్పేదంతా విప్పేసిన భాగాలు బల్ల మీద ఉన్నాయి, ఇక బిగించాలి అన్న దశ నుంచి.

ముందు ఏ ఇరుసో చూసుకోండి

పేరుకి ఎంబీ అయినా మన దగ్గర తిరిగిన జీపులకు వెనక ఇరుసు ఎప్పుడో మారిపోయి ఉండొచ్చు. చక్రం మధ్యలో చూస్తే చాలు. ఆరు బోల్టులతో బిగించిన గుండ్రటి ఫ్లాంజి కనిపిస్తే అది అసలు ఎంబీ ఇరుసు, స్పైసర్ 23-2, ఫుల్ ఫ్లోటింగ్ రకం. దుమ్ము కప్పు తియ్యగానే మధ్యలో ఒకటే పెద్ద నట్టు, దానికి కాటర్ పిన్ను ఉంటే అది యుద్ధం తర్వాతి జీపుల టేపరు ఇరుసు. మహీంద్రా సీజే3బీలో ఉండేది ఇదే. రెంటి బిగింపూ వేరు. టేపరు దాని సంగతి కింద విడిగా ఉంది.

ఫుల్ ఫ్లోటింగ్ ఇరుసులో బరువు మోసేది షాఫ్టు కాదు. చక్రం, డ్రమ్ము, హబ్బు కలిసి రెండు టేపరు రోలరు బేరింగుల మీద స్పిండిల్ (ఇరుసు గొట్టం చివరి మొన) చుట్టూ తిరుగుతాయి. జీపు బరువంతా స్పిండిల్ మీంచి బేరింగుల్లోకి, అక్కణ్ణుంచి హబ్బులోకి దిగుతుంది. బోలుగా ఉన్న స్పిండిల్ లోంచి వచ్చే షాఫ్టుకి హబ్బును తిప్పడం తప్ప వేరే పని లేదు. ఆరు బోల్టులు విప్పి షాఫ్టు బయటికి లాగేసినా బండి అలాగే నిలబడుతుంది. దారిలో వెనక షాఫ్టు విరిగితే ముక్కలు తీసేసి, రంధ్రానికి గుడ్డ కట్టి, ముందు చక్రాల డ్రైవ్ వేసుకుని ఇంటికి రావచ్చు. కాబట్టి ఈ పనిలో షాఫ్టు దగ్గర పెద్ద టెన్షన్ లేదు. శ్రద్ధంతా రెండు బేరింగుల మీద పెట్టాలి.

బండిని నిలబెట్టడం, సామాను

ఎంబీకి హ్యాండ్ బ్రేకు వెనక చక్రాల్లో ఉండదు, ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది. అది పట్టుకునేది ప్రొపెల్లర్ షాఫ్టును. ఇరుసు షాఫ్టు బయటికి తీశాక ఆ చక్రానికీ హ్యాండ్ బ్రేకుకీ సంబంధం తెగిపోయినట్టే. ఒక్క చక్రమే లేపినా డిఫరెన్షియల్ వల్ల అది తిరిగిపోతుంది. అందుకని ముందు చక్రాలకు రెండు వైపులా చెక్క దిమ్మలు, వెనక ఇరుసు హౌసింగు కింద స్టాండ్లు తప్పనిసరి. జాకీ మీద వదిలేసి కింద దూరడం ఆటోనగర్‌లో రోజూ కనిపించేదే, అయినా వద్దు.

పానాలు అంగుళాలవి కావాలి. ఫ్లాంజి బోల్టులు 3/8 అంగుళం సన్న మరవి. స్పిండిల్ నట్లకు 2-1/16 అంగుళాల బాక్సు పానా కావాలి. ఇది దుకాణంలో దొరక్కపోతే గొట్టం కోసి ఆరు పలకలుగా చేసివ్వమని టర్నింగ్ షాపులో అడగండి, చేసిస్తారు. ఎందుకింత పట్టుదల అంటే, పానా లేనిచోట ఉలి వస్తుంది. పాత జీపుల స్పిండిల్ నట్లు చూడండి, పలకల అంచులన్నీ ఉలి దెబ్బలతో నలిగి ఉంటాయి. ఉలితో కొట్టిన నట్టు ఎంత తిరిగిందో చేతికి తెలియదు. ఈ బేరింగు సెట్టింగు మొత్తం ఆ తెలియడం మీదే ఆధారపడింది.

ఇంకా కావాల్సినవి: ఇత్తడి డ్రిఫ్టు (పెట్టి కొట్టే కడ్డీ), ప్లాస్టిక్ సుత్తి, ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి ఆకులు), కిరసనాయిలు, పోగులు ఊడని బనియన్ గుడ్డ. దూది వేస్టు బేరింగుల దగ్గరికి రానివ్వకండి, దాని పోగులు గ్రీజులోకి పోతాయి.

కడగడం, చూడటం

బ్రేకు దుమ్మును కంప్రెసరు గాలితో ఊదొద్దు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లోకి పోతే జీవితకాలపు జబ్బు. నీళ్లు చిలకరించి తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి.

హబ్బు, కోన్లు (రోలర్లతో ఉండే బేరింగు లోపలి భాగాలు), నట్లు అన్నీ కిరసనాయిల్లో నానబెట్టి పాత గ్రీజు పూర్తిగా తీసేయాలి. కడిగిన బేరింగును గాలి పెట్టి గిర్రున తిప్పడం కుర్రాళ్లకి సరదా. ఆ సరదా వద్దు, గ్రీజు లేకుండా అంత వేగంగా తిరిగితే రోలర్లు గీసుకుపోతాయి, రోలర్లను పట్టి ఉంచే కేజి పగిలితే ముఖం మీదికే వస్తుంది.

ఆరాక వెలుతురులో ఒక్కొక్క రోలరూ తిప్పి చూడండి. నున్నగా బూడిద రంగులో ఉంటే మంచిదే. నీలం చాయ తిరిగితే వేడెక్కినట్టు. కప్పులో (బేరింగు బయటి రింగులో) సమాన దూరాల్లో సన్న గీతల్లా గుంటలుంటే బండి చాలాకాలం కదలకుండా నిలబడి, తేమకు రోలర్లు ఆనిన చోటల్లా తుప్పు తిన్నట్టు. షెడ్డులో ఏళ్ల తరబడి పడున్న జీపుకి కృష్ణా తీరపు ఉక్కలో ఇది మామూలే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్ నగర్ వైపు మునిగిన బళ్ల లాంటిదైతే, బయటికి ఎంత శుభ్రంగా కనిపించినా హబ్బు విప్పి చూడకుండా రోడ్డెక్కించకూడదు. గ్రీజు పాలరంగులోకి మారి ఉంటే లోపలికి నీళ్లు చేరాయన్నమాట.

బేరింగు కోను నంబరు 18590, కప్పు నంబరు 18520. లోపలి వ్యాసం 41.275 మిల్లీమీటర్లు, బయటిది 73.025. హబ్బులో లోపలి బేరింగూ బయటి బేరింగూ ఒకటే, ముందు చక్రాలకూ ఇవే. అంటే బండి మొత్తానికి ఎనిమిది జతలు, ఒకే నంబరు. కొనేటప్పుడు డబ్బా మీది పేరు చూసి మోసపోవద్దు, రింగు మీద చెక్కిన నంబరు చూడండి. కోను మారిస్తే కప్పు కూడా మార్చాల్సిందే. కొత్త కోను పాత కప్పులో వేస్తే డబ్బు మిగిలినట్టే ఉంటుంది కానీ, ఆ పాత కప్పు కొత్త కోనును కూడా త్వరగా తినేస్తుంది.

కప్పులు దించడం

హబ్బులో కప్పు కూర్చునే గాడి తుడిచి, అంచుల్లో పొరలు లేచి ఉంటే సన్న ఆకురాయితో తీసేయండి. కప్పు వెడల్పు వైపు బయటికి, సన్నటి వైపు హబ్బు లోపలికి చూడాలి. రెండు కప్పులూ ఇలాగే ఒకదానికొకటి వీపు పెట్టుకుని ఉంటాయి. కప్పును కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, హబ్బును ఎండలో ఉంచితే సగం శ్రమ తగ్గుతుంది. రోహిణి కార్తెలో అయితే హబ్బు పట్టుకోలేనంత వేడెక్కుతుంది, ఈ ఒక్క పనికి ఆ ఎండ మంచిదే.

పాత కప్పును కొత్త కప్పు మీద బోర్లించి లేదా ఇత్తడి డ్రిఫ్టు పెట్టి ఎదురెదురు చోట్ల మార్చి మార్చి కొట్టండి. ఒకే పక్క కొడితే అడ్డంగా ఇరుక్కుంటుంది. దిగుతున్నంతసేపూ చప్పుడు బోలుగా వస్తుంది, అడుగున భుజానికి (గాడి చివరి మెట్టుకి) ఆనగానే గట్టిగా మారిపోతుంది. ఆ మార్పు చెవికి పట్టేదాకా ఆపొద్దు. తర్వాత కప్పుకీ భుజానికీ మధ్య అన్నిటికన్నా సన్న ఫీలర్ ఆకు దూర్చి చూడండి. ఎక్కడా దూరకూడదు. ఇక్కడ వెంట్రుకంత సందు మిగిలినా, బండి నడిచాక కప్పు ఆ సందులోకి దిగి మీరు పెట్టిన సెట్టింగు వదులైపోతుంది.

గ్రీజు ఎక్కించడం

లిథియం బేసు వీల్ బేరింగు గ్రీజు వాడండి. చాసిస్ గ్రీజు, వాటర్ పంపు గ్రీజు అని చవగ్గా అమ్మేవి హబ్బులోకి కాదు. రెండు రకాలు కలిపినా చిక్కదనం చెడి కారిపోతుంది. అందుకే పాతది పూర్తిగా కడగమన్నది.

ఎడమ అరచేతిలో గుప్పెడు గ్రీజు వేసుకోండి. కుడిచేత్తో కోను పట్టుకుని, దాని వెడల్పు అంచును అరచేతి అంచున గ్రీజులోకి గుచ్చి గుచ్చి లాగండి. కేజికీ కోనుకీ మధ్య సందులోంచి గ్రీజు ఎక్కి, పైన సన్నటి వైపున రోలర్ల మధ్య బొట్లు బొట్లుగా పైకి రావాలి. వచ్చాక కొంచెం తిప్పి పక్క రోలర్ల దగ్గర మళ్లీ అదే పని. మొత్తం చుట్టు పూర్తయ్యాక పైన కూడా ఒక పూత. వేలితో పైపైన రుద్దితే రోలర్ల వెనక పొడిగానే ఉండిపోతుంది.

హబ్బు లోపల రెండు కప్పుల మధ్య ఖాళీని నింపెయ్యకండి. గోడలకు పల్చగా పూసి, కప్పుల అంచుల వరకు కొంత ఉంచితే చాలు. నిండా కూరితే వేడికి వ్యాకోచించి సీలు దాటుకుని బ్రేకు షూల మీదికి వస్తుంది. మా వైపు ఎండలకు ఇది నిజంగా జరుగుతుంది. సర్వీసు చేయించిన వారానికే బ్రేకు ఒక పక్కకు లాగుతోందంటే ముందు ఇదే అనుమానించాలి.

లోపలి కోను కప్పులో పెట్టి, ఆయిల్ సీలు పెదవి బేరింగు వైపు చూసేలా సమంగా దించండి. పాత తోలు సీలు రకమైతే ముందురోజు రాత్రే నూనెలో నానేయాలి. సీలు రుద్దుకునే చోట స్పిండిల్ మీద గోరు తగిలేంత గాడి పడి ఉంటే కొత్త సీలు కూడా ఆపలేదు, ఆ చోట సన్న రింగు ఎక్కించి నున్నగా చేయించాలి.

డ్రమ్ము, బ్రేకులు

ఎంబీలో డ్రమ్ము హబ్బుతో కలిసే ఊడుతుంది, చక్రం స్టడ్లే రెంటినీ పట్టి ఉంచుతాయి. డ్రమ్ము లోపలి వ్యాసం 9 అంగుళాలు. లేతు మీద కోయిస్తే వ్యాసంలో 60 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మించనివ్వకండి. వీల్ సిలిండరు రబ్బరు వాషర్లు తడిగా ఉంటే ఇప్పుడే మార్చండి, హబ్బు మళ్లీ విప్పే పని తప్పుతుంది.

హబ్బు ఎక్కించే ముందు షూలను సర్దుబాటు క్యాములతో పూర్తిగా లోపలికి లాగేయండి. చాలామంది వదిలేసేది ఇదే. షూ డ్రమ్ముకి రాసుకుంటూ ఉంటే చక్రం బిగుసుకున్నది బేరింగు వల్లో బ్రేకు వల్లో చేతికి తెలియదు, అప్పుడు చేసే సెట్టింగంతా గాలిలో లెక్కే.

హబ్బు, నట్లు

స్పిండిల్ మరలను వైరు బ్రష్షుతో శుభ్రం చేసి, నట్టును చేత్తో చివరిదాకా తిప్పి చూడండి. ఎక్కడైనా పట్టేస్తే మర సరిచేయించాలి, లేకపోతే ఆ పట్టునే బేరింగు బిగువు అనుకుంటారు. స్పిండిల్‌కి పల్చగా గ్రీజు పూసి, హబ్బును రెండు చేతులతో తిన్నగా పట్టుకుని ఎక్కించండి. దాని బరువు సీలు పెదవి మీద పడకూడదు. తర్వాత బయటి కోను, దాని మీద నాలుక ఉన్న వాషరు. ఆ నాలుక స్పిండిల్ గాడిలో కూర్చోవాలి. దాని పైన సెట్టింగు నట్టు.

చక్రం తగిలించి, ఒక చేత్తో తిప్పుతూ రెండో చేత్తో నట్టు బిగించండి. తిప్పకుండా బిగిస్తే రోలర్లు తమ చోట కూర్చోవు. చక్రం బిగుసుకుని తిరగడం కష్టమయ్యేదాకా బిగించి, అక్కణ్ణుంచి నట్టును ఆరో వంతు చుట్టు వెనక్కి తిప్పండి. నట్టుకి ఆరు పలకలు కాబట్టి లెక్క తేలిక, సరిగ్గా ఒక పలక. సైన్యం వాళ్ల పద్ధతి కూడా ఇదే.

ఇక్కడే మేస్త్రీతో వాదన వస్తుంది.

“సార్, వదులుగా ఉంది, ఇంకో అర చుట్టు వేస్తే గట్టిగా ఉండిద్ది.”

“వద్దు బాబాయ్, ఒక పలక వెనక్కే ఉంచు. వేడెక్కితే అదే సర్దుకుంటుంది.”

బాబాయ్‌ది లారీ అనుభవం, ఆయన్ని తప్పుపట్టలేం. కానీ బిగువుగా పెట్టిన టేపరు బేరింగు వేడెక్కి, గ్రీజు పల్చబడి, ఇంకా బిగుసుకుంటుంది. కాస్త వదులైన బేరింగు కొంత చప్పుడు చేసి మనకు చెబుతుంది, బిగుసుకున్నది చెప్పకుండానే కాలిపోతుంది.

ఇప్పుడు వంచే లాక్ వాషరు, దాని మీద లాక్ నట్టు. లాక్ నట్టు గట్టిగా బిగించగానే మరల్లో ఉన్న సందు పోయి సెట్టింగు కొంచెం మారుతుంది. అందుకే ఇప్పుడు మళ్లీ పరీక్ష. టైరును పైన ఒక చేత్తో, కింద ఒక చేత్తో పట్టుకుని ఊపండి. ఆట ఉందా లేదా అన్నట్టు ఉండాలి, టకటకమని చప్పుడు రాకూడదు. చక్రం తిప్పి వదిలితే గరగరలు లేకుండా తిరగాలి. బాగా లేకపోతే లాక్ నట్టు విప్పి మళ్లీ మొదలుపెట్టండి, లాక్ నట్టుతోనే సర్దేద్దాం అనుకోవద్దు. సరిపోయాక వాషరు అంచును ఒకచోట లోపలి నట్టు పలక మీదికి, ఇంకోచోట బయటి నట్టు పలక మీదికి వంచండి. వంచి వంచి పగుళ్లిచ్చిన పాత వాషరు మళ్లీ వాడకండి.

షాఫ్టు దూర్చడం

డిఫరెన్షియల్ మధ్యలో కాకుండా కుడి పక్కకు ఉంటుంది కాబట్టి కుడి షాఫ్టు పొట్టి, ఎడమది పొడుగు. షాఫ్టును కంటికి ఎదురుగా పట్టుకుని స్ప్లైన్ గీతల (షాఫ్టు చివర పొడుగునా చెక్కిన పళ్ల) వెంట చూడండి. గీతలు మెలి తిరిగి కనిపిస్తే అది విరగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఫ్లాంజిలో బోల్టు రంధ్రాలు కోడిగుడ్డులా సాగి ఉంటే బోల్టులు ఎప్పుడో వదులై తిరిగాయన్నమాట, అది కూడా పక్కన పెట్టాల్సిందే.

ఫ్లాంజి, హబ్బు ముఖాలు రెండూ తుడిచి కొత్త గాస్కెట్టు వేయండి. షాఫ్టు బరువును చేత్తో మోస్తూ లోపలికి తోయండి, స్ప్లైన్ గేరుకి తగలగానే ఫ్లాంజిని కొంచెం అటూ ఇటూ తిప్పితే దిగిపోతుంది. సుత్తి అవసరం రాకూడదు. ఆరు బోల్టులూ స్ప్రింగు వాషర్లతో ముందు చేత్తో ఎక్కించి, ఆ తర్వాత ఎదురెదురుగా బిగించండి.

మీది టేపరు ఇరుసు అయితే

ఇందులో హబ్బు షాఫ్టు టేపరు మీదే కూర్చుంటుంది, బరువును షాఫ్టే మోస్తుంది. అందుకే ఇక్కడ షాఫ్టు విరిగితే చక్రంతో సహా బయటికి వచ్చేస్తుంది. బేరింగు ఆటను నట్టుతో కాదు, బ్రేకు ప్లేటు వెనక పల్చటి షిమ్ములతో సరిచేస్తారు. షాఫ్టు చివర డయల్ గేజి పెట్టి లోపలికీ బయటికీ కదిపితే 1 నుంచి 6 థౌ లోపు ఆట ఉండాలి. రెండు షాఫ్టుల లోపలి చివరలు మధ్య దిమ్మకు ఆని ఉంటాయి కాబట్టి ఒక పక్క షిమ్ము మార్చితే రెండో పక్కకూ తేడా వస్తుంది. షిమ్ములు రెండు పక్కలా ఇంచుమించు సమానంగా ఉండాలి.

టేపరు, హబ్బు రంధ్రం రెండూ పొడిగా, నూనె చుక్క లేకుండా తుడవండి. కీ గాడిలో వదులుగా ఆడకూడదు. నట్టు 150 అడుగు-పౌన్లకు తగ్గకుండా బిగించాలి. అక్కడ కాటర్ పిన్ను రంధ్రం కలవకపోతే ఇంకొంచెం ముందుకు బిగించాలి, వెనక్కి విప్పకూడదు. ఈ నట్టు వదులైతే కీ తెగి, షాఫ్టు, హబ్బు రెండూ పోతాయి.

ఆయిలు, చక్రాలు, మొదటి పరుగు

డిఫరెన్షియల్‌లో ఈపీ 90 ఆయిలు ఫిల్లరు రంధ్రం అంచుదాకా పోయండి, సుమారు 1.2 లీటర్లు పడుతుంది. హౌసింగుకి బ్రీదరు (గాలి పోయే రంధ్రం) ఉంటే అది మట్టితో మూసుకుపోలేదని చూడండి. మూసుకుంటే లోపలి ఒత్తిడికి ఆయిలు గొట్టం వెంట హబ్బులోకి నడుస్తుంది.

ఇప్పుడు షూలను సర్దండి, డ్రమ్ముకి తగిలేదాకా తెచ్చి చక్రం స్వేచ్ఛగా తిరిగేంత వెనక్కి.

ఎడమ పక్క స్టడ్ల చివర ఎల్ అనే అక్షరం చెక్కి ఉంటుంది. ఆ నట్లు బిగించడానికి అపసవ్యంగా తిప్పాలి. ఇది తెలియని కుర్రాడు పానాకి గొట్టం తగిలించి మామూలు వైపు విప్పబోతే స్టడ్డు విరుగుతుంది. పంక్చరు షాపుకి వెళ్లినప్పుడు కూడా ముందే చెప్పండి. ఎప్పుడో స్టడ్లు మార్చి ఉంటే ఆ అక్షరం ఉండదు, మర వాలు చూసి నిర్ధారించుకోవాలి. చక్రం నట్లు సుమారు 65 అడుగు-పౌన్లు చాలు.

మొదటి పరుగు బెంజి సర్కిల్ రద్దీలో వద్దు, అక్కడ బ్రేకు వేడికీ బేరింగు వేడికీ తేడా తెలియదు. కానూరు దాటి బందరు రోడ్డు మీద పొద్దున్నే వెళ్లండి. పదిహేను నిమిషాలు మితమైన వేగంతో నడిపి, ఆపేముందు వీలైనంత తక్కువ బ్రేకు వాడుతూ పక్కకు తీయండి. రెండు హబ్బులూ మధ్యలో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే సరే. ఒకటి చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే ఇంటికి కూడా అదే స్పీడులో రావద్దు, మెల్లగా వచ్చి సెట్టింగు మళ్లీ చేయండి. రెండూ సమానంగా వేడిగా ఉంటే ముందు బ్రేకులు చూడండి. డ్రమ్ము లోపలి వైపు తడి చెమ్మ కనిపిస్తే వేలితో తుడిచి చూడాలి. చిక్కగా ఉంటే గ్రీజు, అంటే సీలు సంగతి. పల్చగా ఘాటు వాసనతో ఉంటే డిఫరెన్షియల్ ఆయిలు, రంగు పూతను కరిగిస్తుంటే బ్రేకు ఆయిలు.

వంద కిలోమీటర్లు తిరిగాక ఫ్లాంజి బోల్టులు, చక్రం నట్లు మళ్లీ ఒకసారి బిగించి, టైరు పట్టుకుని ఊపి ఆట చూడండి. కొత్త కప్పులు వేసిన హబ్బుల్లో ఈ దశలో కొంచెం ఆట పెరగడం సహజమే. అప్పుడు షాఫ్టు లాగి, లాక్ వాషరు కొత్తది వేసి, నట్టు మళ్లీ సెట్ చేసుకోవాలి. ఆ రోజుకి 2-1/16 పానా, రెండు లాక్ వాషర్లు, రెండు గాస్కెట్లు ముందే తీసి పెట్టుకోండి.